ఒక ఊరు, రెండు ప్రభుత్వాలు: మోడ్లరాయిట్ కథ (భద్రాచలంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం అండి. వెనకాల వాళ్ళకి వినపడుతోందా? మైక్ కొంచెం దగ్గరగా పెట్టుకుంటా. ముందు కుర్చీల్లో సర్పంచ్‌లు, మాజీ సర్పంచ్‌లు, వార్డు మెంబర్లు చాలామందే ఉన్నారు, మీ ముందు పంచాయతీ గురించి మాట్లాడాలంటే నాకు కాస్త భయంగానే ఉంది, ఎందుకంటే మీరు రోజూ చేసే పని అది, నేను చూసొచ్చి చెప్పేవాణ్ణి మాత్రమే.

నేను మాస్టర్స్ చేసింది జర్మనీలో హోఫ్ అనే ఊళ్ళో. బవేరియా రాష్ట్రానికి ఈశాన్యం మూల, చిన్న పట్నం, అక్కడి యూనివర్సిటీకి ఇండియా నుంచి పిల్లలు బాగానే వస్తారు. వెళ్ళిన మొదటి చలికాలంలో అక్కడి ఫ్రెండ్ ఒకడు ఆదివారం పూట కార్లో ఎక్కించుకుని, నీకొక ఊరు చూపిస్తా పద అన్నాడు. అరగంట కూడా పట్టలేదు. దిగి చూస్తే యాభై మంది కూడా ఉండని ఊరు, చుట్టూ పొలాలు, వాటి వెనక ఫర్ చెట్ల అడవి, మధ్యలో ఒక చెరువు, ఒక వాగు. వాగంటే మన తాలిపేరు లాంటిది ఊహించుకోకండి, కాస్త పరిగెత్తుకొచ్చి దూకితే అవతల పడతాం, అంతే వెడల్పు. ఆ వాగు పక్కన మాత్రం తెల్లటి కాంక్రీట్ గోడ, మనిషికి రెండింతల ఎత్తు దాకా ఉంటుంది.

ఆ ఊరి పేరు మోడ్లరాయిట్. వాగు పేరు టన్‌బాఖ్. టన్ అంటే ఫర్ చెట్టు, ఫర్ అడవి అని కూడా అంటారు, బాఖ్ అంటే వాగు. పేరు చివర ఆ 'రాయిట్' ఉంది చూశారా, దానర్థం అడవి కొట్టి చదును చేసిన చోటు అని. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ అంతే, మ్యూన్షెన్‌రాయిట్, గేబెర్స్‌రాయిట్, అంత పెద్ద పట్నం బైరాయిట్ కూడా అదే మాట. మన భాషలో చెప్పాలంటే పోడు కొట్టుకుని కట్టుకున్న ఊళ్ళు. ఈ మాట ఇక్కడ కూర్చున్నవాళ్ళకి నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఆ వాగు మధ్యలోంచి గీత పోతుంది. ఏం గీత అంటే, ఈ రోజుకీ అటు బవేరియా రాష్ట్రం, ఇటు థురింగియా రాష్ట్రం. ఒకే ఊరు, రెండు రాష్ట్రాలు, రెండు జిల్లాలు, రెండు స్థానిక ప్రభుత్వాలు. ఎటపాక, పురుషోత్తపట్నం వాళ్ళు ఎవరైనా వచ్చారా ఇవాళ? చేతులు లేస్తున్నాయి, వచ్చారు. మీకు ఈ కథ మిగతావాళ్ళ కంటే తొందరగా అర్థమవుతుంది. 2014లో పోలవరం కోసం గీత మార్చినప్పుడు భద్రాచలం పట్నం తెలంగాణలో ఉండిపోయింది, పక్కనే ఉన్న మీ ఊళ్ళు ఆంధ్రలోకి వెళ్ళాయి, సంత ఇక్కడ, గుడి ఇక్కడ, ఆస్పత్రి ఇక్కడ, కాయితాలు మాత్రం అక్కడ. అది తప్పా ఒప్పా అనే చర్చ నేను ఇవాళ పెట్టట్లేదు. గీత గీశాక దాన్ని ఎవరు ఎలా నడుపుతారు అన్నదే నేను మాట్లాడదామనుకుంటున్నది.

మోడ్లరాయిట్‌లో గీత కొత్తది కాదండి. అటు బైరాయిట్ ప్రభువుల నేల, ఇటు రాయిస్ అనే చిన్న సంస్థానం. రాయిస్ రాజుల గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తా, ఆ వంశంలో మగపిల్లలందరికీ హైన్రిష్ అనే పేరే పెట్టేవాళ్ళు, నంబర్ వేసి గుర్తుపట్టేవాళ్ళు, డెబ్బై దాటిన నంబర్లు కూడా ఉన్నాయి. సరే. 1810లో నెపోలియన్ దగ్గర్నుంచి బైరాయిట్ ప్రాంతాన్ని బవేరియా రాజ్యం డబ్బు కట్టి తీసుకుంది, ఆ ఏడే వాగు వెంట హద్దురాళ్ళు పాతారు. రాయికి ఒకవైపు కె బి, అంటే బవేరియా రాజ్యం, రెండోవైపు ఎఫ్ ఆర్, అంటే రాయిస్ సంస్థానం. ఆ రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, నేను చేత్తో తడిమి చూశా.

అక్కణ్ణించి 1945 దాకా, అంటే నూట ముప్పై ఐదేళ్ళు, ఆ గీత వల్ల ఊరికి పెద్దగా ఇబ్బంది లేదు. నాకు బాగా నచ్చింది ఇక్కడే. బడి థురింగియా వైపు ఉండేది, బీరు తాగుతూ కూర్చునే సత్రం కూడా అటువైపే, చర్చికి మాత్రం బవేరియా వైపున్న టోపెన్ ఊరికి వెళ్ళేవాళ్ళు. పిల్లలు పొద్దున్నే వాగు దాటి బడికి, ఆదివారం ఊరంతా కలిసి బవేరియా వైపు చర్చికి. పన్ను ఎవరికి కట్టాలో వాళ్ళకి కట్టేవాళ్ళు, పెళ్ళిళ్ళు అటూ ఇటూ చేసుకునేవాళ్ళు. 1918లో రాజులు పోయారు, 1920లో రాయిస్‌తో పాటు ఇంకొన్ని చిన్న సంస్థానాలన్నీ కలిసి థురింగియా రాష్ట్రం అయ్యాయి. ఊళ్ళో వాళ్ళ రోజువారీ బతుకులో గీత మాత్రం అదే, దాటడమూ అదే.

1945లో యుద్ధం అయిపోయింది. థురింగియాకి మొదట వచ్చింది అమెరికా సైన్యమే, కానీ ముందే రాసుకున్న ఒప్పందం ప్రకారం జులైలో వాళ్ళు వెనక్కి వెళ్ళి ఆ రాష్ట్రాన్ని సోవియట్ వాళ్ళకి అప్పజెప్పారు. బవేరియా అమెరికా చేతిలోనే ఉంది. ఎక్కడో గదిలో కూర్చుని మ్యాప్ మీద, ఇదిగో పాత రాష్ట్ర సరిహద్దే మన హద్దు అనుకున్నారు, దాంతో వాగుకి ఇటు రష్యా, అటు అమెరికా. 1949లో రెండు దేశాలే అయిపోయాయి, తూర్పు జర్మనీ, పశ్చిమ జర్మనీ. అయినా కొన్నాళ్ళు పర్మిట్ చూపించి బడికి, పొలానికి వెళ్ళొచ్చేవాళ్ళు.

1952 మే 26. ఈ తారీకు గుర్తుపెట్టుకోండి. ఆ రోజు తూర్పు జర్మనీ ప్రభుత్వం ఒక ఆర్డర్ ఇచ్చింది. హద్దు వెంట పది మీటర్ల పట్టీ మొత్తం దున్నేసి మట్టి పైకి తీసి ఉంచాలి, అడుగు పడితే తెలియాలి కదా, అందుకు. ఐదొందల మీటర్ల దాకా ఇంకో కట్టడి, ఐదు కిలోమీటర్ల దాకా నిషేధిత ప్రాంతం, అందులో ఉండాలంటే ఐడీ మీద స్టాంపు కావాలి, బయట ఉన్న చుట్టాలు రావాలంటే పాస్ కావాలి. మోడ్లరాయిట్ తూర్పు సగం మొత్తం హద్దు మీదే ఉంది కాబట్టి అన్ని కట్టళ్ళూ దాని మీదే పడ్డాయి. చీకటి పడ్డాక ఇంట్లోంచి బయటికి రాకూడదు. వాగు అవతల నిలబడ్డ సొంత మేనమామకి చెయ్యి ఊపకూడదు, పలకరించకూడదు. చెయ్యి ఊపడం మీద నిషేధం అండి! నాకు ఇది విన్నప్పుడు గోడ కంటే ఇదే ఎక్కువ బాధేసింది, గోడ కనపడుతుంది, ఇది మనిషి లోపలికి వెళ్ళి చెయ్యి పట్టుకుని ఆపుతుంది.

ఆ నెల తర్వాత, జూన్‌లో, హద్దు వెంట నమ్మకం లేదనుకున్న కుటుంబాల్ని లారీలెక్కించి లోపలి జిల్లాలకి తరిమేశారు. అధికారులు లోలోపల ఆ ఆపరేషన్‌కి పెట్టుకున్న పేరు 'ఉంగెత్సీఫర్', అంటే పురుగులు, క్రిములు. సొంత జనానికి పెట్టిన పేరు అది. 1952లో ఒకసారి, 1961లో ఇంకోసారి, హద్దు మొత్తం మీద కలిపి పది వేల మందికి పైగా ఇలా ఇళ్ళు పోగొట్టుకున్నారు, ఈ ఊళ్ళో వాళ్ళూ అందులో ఉన్నారు.

మొదట చెక్క పలకల కంచె కట్టారు, మనిషి ఎత్తు కంటే పైకి, అవతల కనపడకుండా. తర్వాత ముళ్ళ తీగ. 1966లో గోడ. ఏడొందల మీటర్ల పొడవు, 3.3 మీటర్ల ఎత్తు. రాత్రంతా ఫ్లడ్ లైట్లు, కాపలా టవర్, కుక్కలు. యాభై మంది ఉన్న ఊరికి! అమెరికా సైనికులు దీనికి 'లిటిల్ బెర్లిన్' అని పేరు పెట్టారు, ఆ పేరే నిలిచిపోయింది. 1983 ఫిబ్రవరిలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్, సీనియర్ బుష్, వచ్చి చూసి వెళ్ళాడు. పశ్చిమం వైపు బస్సుల్లో జనం వచ్చి నిలబడి చూసేవాళ్ళు. తూర్పు సగానికి మాత్రం బయటి మనిషి రావడానికే లేదు. ఆ గోడ దాటి తప్పించుకున్నది ఒకే ఒక్కడు, 1973లో నిచ్చెన వేసుకుని.

అప్పట్లో స్థానిక ప్రభుత్వం ఏమైంది అని మీరు అడగాలి. అసలు నేను ఇవాళ ఇంత దూరం వచ్చింది ఇది చెప్పడానికే. 1952లోనే తూర్పు జర్మనీ తన రాష్ట్రాలన్నీ ఆచరణలో రద్దు చేసేసింది, థురింగియా అనేది లేకుండా పోయింది, దాని బదులు మూడు బెజిర్క్‌లు, అంటే పెద్ద జిల్లాల్లాంటివి, పెట్టారు, ఈ ఊరు గేరా బెజిర్క్‌లో పడింది. పేరుకి కౌన్సిల్ ఉంది, మేయర్ ఉన్నాడు, ఎన్నికలు కూడా జరిగేవి, కానీ అభ్యర్థుల లిస్టు ఒక్కటే. ఆ కాయితం మడిచి పెట్టెలో వేస్తే ఓటేసినట్టు. వద్దు అనాలంటే మూలనున్న తెర వెనక్కి వెళ్ళాలి, వెళ్ళినవాణ్ణి అందరూ చూస్తారు. 1989 మే 7న జరిగిన లోకల్ ఎన్నికల్లో 98.85 శాతం మంది ఔనన్నారని ప్రకటించారు. ఆ రోజు కొంతమంది మామూలు జనం, చర్చి గ్రూపుల వాళ్ళు, కౌంటింగ్ దగ్గరికెళ్ళి నిలబడి వద్దన్న ఓట్లు లెక్కపెట్టుకున్నారు, వాళ్ళ లెక్కకీ ప్రభుత్వం లెక్కకీ పొంతన లేదు, అబద్ధం చేతికి చిక్కింది. అదే ఏడాది చివరికి గోడ పడింది. గోడ పడటానికి సవాలక్ష కారణాలు చెప్తారు, పంచాయతీ ఎన్నికల కౌంటింగ్ కూడా అందులో ఒకటని మనవాళ్ళెవరూ చెప్పగా నేను వినలేదు, అందుకే చెప్తున్నా.

బెర్లిన్‌లో గోడ తెరుచుకుంది 1989 నవంబర్ 9న. మోడ్లరాయిట్‌లో ఇంకో నెల ఆగాల్సొచ్చింది. డిసెంబర్ 9న గోడకి ఒక చిన్న దారి చేశారు, నడిచి వెళ్ళేవాళ్ళకి మాత్రమే. అప్పటిదాకా వాగు అవతలి ఇంటికి వెళ్ళాలంటే పశ్చిమం వాళ్ళు వీసా లాంటిది తీసుకుని హైవే మీద చెక్ పోస్ట్ దాకా వెళ్ళి చుట్టూ తిరిగి రావాలి, అయినా ఈ నిషేధిత ఊళ్ళోకి రానిచ్చేవాళ్ళు కాదు. 1990 జూన్ 17న ఎక్స్‌కవేటర్ తెచ్చి గోడ కూల్చేశారు, వంద మీటర్ల ముక్క మాత్రం గుర్తుగా ఉంచారు. నేను చూసింది ఆ ముక్కే.

ఇంకో సంగతి, అదే 1989 డిసెంబర్ 9న, ఇక్కడ ఊళ్ళో దారి తెరుస్తున్న రోజునే, హోఫ్ పట్నంలో రెండు వైపులా ఉన్న అడవి, పక్షుల ప్రేమికులు నాలుగొందల మంది దాకా మీటింగ్ పెట్టుకున్నారు. కారణం ఏంటంటే ఆ సరిహద్దు పట్టీలో నలభై ఏళ్ళు నాగలి లేదు, మందు లేదు, మనిషి లేడు, దాంతో బయట పొలాల్లో కనపడకుండా పోయిన పిట్టలు అక్కడ గూళ్ళు పెట్టుకున్నాయి. కాయ్ ఫ్రోబెల్ అనే ఆయన స్కూల్ పిల్లాడిగా ఉన్నప్పటి నుంచీ ఆ పిట్టల్ని లెక్కపెడుతూ ఉన్నాడు. ఈ పట్టీని ఇలాగే వదిలేయండి, దీన్ని 'పచ్చ పట్టీ' చేద్దాం అని ఆ మీటింగ్‌లో తీర్మానం చేశారు. ఇవాళ అది 1,393 కిలోమీటర్ల పొడవు, థురింగియా తన వాటా మొత్తాన్ని 2018లో జాతీయ ప్రకృతి స్మారకంగా ప్రకటించింది. మనుషుల్ని చంపడానికి ఖాళీ చేసిన నేల అది, ఇప్పుడు అడవి మళ్ళీ వచ్చి కూర్చుంది. అడవి దగ్గర పెరిగినవాణ్ణి, నాకు ఆ పట్టీ మీద నడుస్తుంటే నోట మాట రాలేదు.

సరే, 1990 అక్టోబర్ 3న రెండు దేశాలు ఒకటయ్యాయి. ఊరు ఒకటయ్యిందా? లేదండి! థురింగియా రాష్ట్రం మళ్ళీ పుట్టింది, పాత 1810 గీత మళ్ళీ రాష్ట్ర సరిహద్దు అయి కూర్చుంది. బవేరియా వైపు ఇళ్ళు టోపెన్ అనే గ్రామ మునిసిపాలిటీలో, హోఫ్ జిల్లాలో. థురింగియా వైపు ఇళ్ళు గెఫెల్ అనే చిన్న పట్నం కింద, జాలె-ఓర్లా జిల్లాలో. పిన్ కోడ్ అటు 95183, ఇటు 07926. ఫోన్ కోడ్ వేరు. కార్ నంబర్ అటు హెచ్ ఓ, ఇటు ఎస్ ఓ కె. పలకరింపు కూడా వేరు, బవేరియా వాళ్ళు 'గ్ర్యూస్ గాట్' అంటారు, దేవుడి పేరు మీద నమస్కారం అన్నమాట, ఇటు వాళ్ళు 'గూటెన్ టాగ్'. జనవరి 6న బవేరియాలో సెలవు, వాగు ఇవతల పనిరోజు. అక్టోబర్ 31న ఇటు సెలవు, అటు పనిరోజు, మర్నాడు నవంబర్ 1న అటు సెలవు, ఇటు పని. స్కూల్ సెలవులూ వేరు.

ఓటు సంగతి ఇంకా బాగుంటుంది. థురింగియాలో లోకల్ ఎన్నికల్లో పదహారేళ్ళకే ఓటు, బవేరియాలో పద్దెనిమిది నిండాలి. అంటే పదిహేడేళ్ళ ఇద్దరు స్నేహితులు, ఒకడి ఇల్లు వాగుకి ఇటు, ఒకడిది అటు, ఒకడు ఓటేస్తాడు, ఇంకొకడు చూస్తూ ఉంటాడు. థురింగియాలో కౌన్సిల్‌కి ఐదేళ్ళు, బవేరియాలో ఆరేళ్ళు. థురింగియా ఓటరు చేతిలో మూడు ఓట్లుంటాయి, మూడూ ఒకరికే గుద్దొచ్చు, ముగ్గురికి పంచొచ్చు, వేరే వేరే పార్టీల వాళ్ళకైనా సరే. బవేరియాలో అయితే కౌన్సిల్లో ఎన్ని సీట్లుంటే ఓటరుకి అన్ని ఓట్లు, ఒక మనిషికి మాక్సిమం మూడు. అందుకని బ్యాలెట్ పేపరు దుప్పటంత ఉంటుంది, ఇంట్లో టేబుల్ మీద పరుచుకుని కూర్చుని నింపి పోస్ట్‌లో పంపించేవాళ్ళు చాలామంది. నాకు నచ్చిందేంటంటే చిన్న ఊళ్ళో పార్టీ కంటే మనిషిని చూసి వేస్తారు, ఆ పద్ధతే అందుకు వీలిస్తుంది.

ఎవరో అడుగుతున్నారు... ఆ, చెప్పండి అమ్మా. మేడమ్ అడుగుతున్నది, వాళ్ళ పంచాయతీకి డబ్బులెక్కడివి అని. మంచి ప్రశ్న, నిజానికి ఇదే అసలు ప్రశ్న. జర్మనీ రాజ్యాంగంలో 28వ ఆర్టికల్ ఉంది, స్థానిక విషయాలన్నీ స్థానిక ప్రభుత్వం తన బాధ్యత మీద తానే చూసుకునే హక్కు ఉండాలి అని. ఊరికే హక్కు రాసి వదిలెయ్యలేదు, డబ్బు కూడా రాశారు. భూమి పన్ను, వ్యాపార పన్ను వీటి రేటు ఎంతో కౌన్సిలే తీర్మానం చేసుకుంటుంది. పైగా ఇన్‌కమ్ టాక్స్‌లో 15 శాతం మునిసిపాలిటీలకి వెళ్తుంది. మా ఊళ్ళో బోరు మోటార్ కాలిపోతే బిల్లు పాస్ అవ్వడానికి ఎన్ని నెలలు పట్టిందో మా నాన్న ఇప్పటికీ చెప్తాడు, అందుకే ఈ 15 శాతం మాట విన్నప్పుడు నేను రెండోసారి అడిగి మరీ కన్ఫర్మ్ చేసుకున్నా. అలాగని వాళ్ళకి డబ్బు కుప్పలు పోసి లేదు, చిన్న మునిసిపాలిటీలు అక్కడా ఏడుస్తూనే ఉంటాయి, పైనుంచి పనులు నెత్తిన పెడతారు డబ్బు చాలదు అని. కానీ తాగునీళ్ళు, ఊరి రోడ్డు, చిన్నపిల్లల బడి, ఏ పొలంలో ఇల్లు కట్టొచ్చు ఏ పొలంలో కూడదు, ఫైర్ సర్వీసు, ఇవన్నీ వాళ్ళ చేతిలోనే. ఫైరు వాళ్ళంటే జీతగాళ్ళు కాదు, ఊళ్ళో వాళ్ళే, సైరన్ మోగగానే పని వదిలేసి పరిగెత్తుతారు. చిన్న ఊళ్ళకి ఒక్కోదానికి విడివిడిగా గుమాస్తాలు ఎందుకని బవేరియాలో నాలుగైదు మునిసిపాలిటీలు కలిసి ఒకే ఆఫీసు పెట్టుకుంటాయి, టోపెన్ కూడా అలాంటి ఒక గుంపులో ఉంది. ఆఫీసు ఉమ్మడి, కౌన్సిల్, మేయర్ మాత్రం ఎవరిది వాళ్ళకే. మన దగ్గర మూడు నాలుగు చిన్న పంచాయతీలకి ఒక సెక్రటరీ ఉన్నప్పుడు ఆయన ఏ రోజు ఎక్కడుంటాడో తెలియక తిరుగుతాం చూడండి, అక్కడ ఆఫీసు ఒకచోట నిలబడి ఉంటుంది, మనం వెళ్తాం, తేడా అది.

ఇంకొకటి, గోడ ముక్కనీ మ్యూజియంనీ చూసుకునేది ఎవరు? రెండు రాష్ట్రాల ఊరు కదా. రెండు వైపుల జిల్లాలు, మునిసిపాలిటీలు కలిసి ఒక ఉమ్మడి సంఘం పెట్టుకున్నాయి, 'త్స్వెక్‌ఫెర్‌బాండ్' అంటారు, అంటే ఒక్క పని కోసం స్థానిక ప్రభుత్వాలు కలిసి పెట్టుకునే చట్టబద్ధమైన సంస్థ. నీళ్ళకీ, మురుగునీటికీ, చెత్తకీ జర్మనీ అంతా ఇలాంటివి ఉంటాయి. భద్రాచలం చెత్త ఎక్కడ పొయ్యాలో తేలక ఎన్నేళ్ళ నుంచి అవస్థ పడుతున్నామో మీకు తెలుసు, చుట్టూ ఉన్న నేల వేరే రాష్ట్రం అయిపోయింది కాబట్టి. గీత చెరపక్కర్లేదు, ఒక్క చెత్త కోసం, ఒక్క కరకట్ట కోసం రెండు రాష్ట్రాల పంచాయతీలు కలిసి ఒక సంఘం పెట్టుకునే చట్టం ఉంటే చాలు. నేను గట్టిగా అడుగుతున్నది ఇదొక్కటే, రాసి కూడా ఇస్తాను ఎవరికైనా.

మరి ఊరిని ఒకే రాష్ట్రంలో కలపొచ్చు కదా అంటారేమో. చట్టం ఒప్పుకుంటుంది, యాభై వేల లోపు జనం ఉన్న ముక్క అయితే రెండు రాష్ట్రాలు ఒప్పందం రాసుకుని గీత జరుపుకోవచ్చు అని వాళ్ళ రాజ్యాంగం 29వ ఆర్టికల్‌లోనే ఉంది. అయినా గీత వాగులోనే ఉంది. నేను వెళ్ళిన రోజు గోడ ముక్క దాటాక ఒక పెద్దావిడ కుక్కని పట్టుకుని చిన్న వంతెన మీద నడుచుకుంటూ బవేరియా నుంచి థురింగియాకి వెళ్ళింది, మమ్మల్ని చూసి 'గ్ర్యూస్ గాట్' అంది, నేను అలవాటు కొద్దీ 'గూటెన్ టాగ్' అన్నా, ఆవిడ నవ్వి చెయ్యి ఊపింది.

టైమ్ అయిపోయిందని నిర్వాహకులు చెప్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి, సర్పంచ్ గారూ, ముందు మీరు.